కృషి గడిలో డి

ఆ స్కూల్లో ప్రోగ్రెస్ కార్డుకి మార్కులు చాలవు. ప్రతి సబ్జెక్టు పక్కనా ఇంకో రెండు గళ్లుంటాయి. ఒకటి ప్రతిభ, రెండోది కృషి. మార్కులెన్నో పరీక్ష చెబుతుంది. ఆ మార్కులు పిల్లకి పుట్టుకతో వచ్చాయా, ఒళ్లు వంచితే వచ్చాయా అన్నది మాత్రం మాస్టారు చెబుతాడు. ఎలా చెబుతాడని అడక్కండి. పిల్ల బుర్రలోకి తొంగిచూసే కిటికీ ఏదో ఆయన దగ్గర ఉందని అందరూ నమ్ముతారు, అందరికంటే ముందు ఆయనే నమ్ముతాడు.

లెక్కల మాస్టారి కిటికీ ఏమిటంటే మార్జిన్. జవాబు కాగితానికి కుడివైపు గీత గీసి, చిల్లర లెక్కలు అక్కడ పెన్సిల్‌తో చేసుకోమంటారు. ఈయన జవాబు కంటే ముందు ఆ మార్జిన్ చూస్తాడు. అది గజిబిజిగా ఉంటే కృషి ఎ. తెల్లగా ఉండి జవాబు సరైనదైతే ప్రతిభ ఎ, కృషి డి. అందుకే పిల్లలు ఆయనకి మార్జిన్ మాస్టారని పేరు పెట్టారు. ఆయనకి ఆ సంగతి తెలుసు, పైగా కాస్త గర్వం కూడాను.

పదో తరగతిలో అద్దం లాంటి మార్జిన్ ఒక్కటే ఉండేది. అది కంప్యూటర్ అని పిలిచే అమ్మాయిది. ఆ పేరు పెట్టింది స్వయంగా వాళ్ల నాన్న. ఆయనకి బజారులో మూడు కుర్చీల సెలూన్ ఉంది. పెద్దద్దం అంచున, దువ్వెనల పైన, కూతురి ప్రోగ్రెస్ కార్డులన్నీ వరసగా అతికించి ఉంటాయి. కుర్చీలో కూర్చున్నవాడు ఎటు చూసినా అవే కనబడతాయి. చూడకుండా తప్పించుకుందామంటే గొంతు మీద కత్తి ఉంటుంది.

"లెక్కలు చూడండి సార్. నూటికి నూరు. ఇప్పుడు పక్కన కృషి చూడండి. డి! అంటే ఏంటి? పుస్తకం ముట్టుకోకుండానే నూరు!" అనేవాడు, నురుగు పూస్తూ. "మా కంప్యూటర్‌కి చదవాల్సిన పన్లేదు సార్. నాలాగా కాదు. నాకు భగవంతుడు చేతులిచ్చాడు, బుర్ర మర్చిపోయాడు."

లోకంలో ఏ తండ్రైనా కృషిలో డి వస్తే పిల్లని చీవాట్లు పెడతాడు. ఈయన అద్దానికి అతికించుకున్నాడు. నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు కింద ఒక పిల్ల నాలుగేళ్లుగా నలిగిపోతోందని ఎవరికీ తెలియదు.

సాయంత్రం కూతురు స్కూలు నుంచి వస్తే ఆయన గిరాకీలని ఉసిగొల్పేవాడు. "అడగండి సార్, ఏదైనా హెచ్చవేత అడగండి!" మొహం నిండా నురుగుతో ఎవరో "పంతొమ్మిదిని ఇరవైమూడుతో" అనేవాడు. కంప్యూటర్ రెండు క్షణాలు పైకి చూసి "నాలుగువందల ముప్పైయేడు" అనేది. సెలూన్ అంతా ముక్కు మీద వేలేసుకునేది. నాన్న మొహం అప్పుడే ఉతికి ఆరేసిన చొక్కాలా తెల్లగా వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం ఆ పిల్ల ఏమైనా చేస్తుంది.

ఏం చేసేదంటే, చదివేది. ఒళ్లు హూనమయ్యేలా చదివేది. పంతొమ్మిదో ఎక్కం, ఇరవైమూడో ఎక్కం, ఇరవైతొమ్మిది దాకా అన్నీ బట్టీ. రోజూ నాలుగున్నరకి షటిల్ బ్యాటు భుజాన వేసుకుని "నాన్నా, ఆడుకోడానికి వెళ్తున్నా" అని చెప్పి, రెండు వీధుల అవతల ఉన్న రీడింగ్ రూముకి వెళ్లేది. "చూశారా, పరీక్షల ముందు కూడా ఆటలే!" అని నాన్న వెనక నుంచి గిరాకీలకి చెప్పడం వినబడుతుండేది. ఆ బ్యాటు కొన్న నాటి నుంచి ఒక్క కాక్‌నీ కొట్టి ఎరగదు. పరీక్షలో మార్జిన్ నిండా లెక్కలు చేసేది, చివరి పదినిమిషాలూ వాటిని రబ్బరుతో చెరిపేది. ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం చేసే అమ్మ ఒక్కతే దీన్ని పసిగట్టింది. "నెలకి నాలుగు రబ్బర్లు తింటున్నావా ఏంటే?" అని ఓసారి అడిగి, కూతురి మొహం చూసి, మరి అడగలేదు. ఆయన సంతోషం పాడుచెయ్యడం ఆమెకీ ఇష్టం లేదు.

రీడింగ్ రూములో కంప్యూటర్‌కి తోడు ఇంకొకతి ఉండేది. క్లాసులో దాన్ని గానుగ అంటారు. ఎప్పుడు చూసినా తలవంచుకుని తిరిగిన చోటే తిరుగుతుంటుందని ఆ పేరు. దాని మార్జిన్లు చీమలు పాకినట్టుంటాయి. కార్డులో ప్రతిభ బి, కృషి ఎ. వాళ్ల నాన్న ఇళ్లు కట్టే మేస్త్రీ. ఈ ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే పాత గైడు ముందేసుకుని, ఏడాదిగా రోజుకి రెండు గంటలు కుస్తీ పట్టారు. ఒకరికి రానిది ఇంకొకరు చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే గానుగ చెప్పిందే ఎక్కువ. మొదటి రోజే కంప్యూటర్ దాని చేత ఒట్టు వేయించుకుంది.

"నేనిక్కడికి వస్తున్నానని ఎవరికీ చెప్పకూడదు. ఎవరికీ."

"చదువుకోవడమేమైనా దొంగతనమా?" అంది గానుగ.

"మా ఇంట్లో అంతే అనుకో."

గానుగ భుజాలు ఎగరేసి ఒట్టు వేసింది. స్కూల్లో ఇద్దరూ ఎదురుపడితే ముఖపరిచయం ఉన్నవాళ్లలా నవ్వి ఊరుకునేవాళ్లు.

పెద్ద కాలేజీలో ఆ స్కూలుకి ఏటా రెండు ఉచిత సీట్లుంటాయి. ఆఖరి ఇంటర్నల్ పరీక్షల్లో మొదటి ఇద్దరి పేర్లు సోమవారం పంపాలి. కంప్యూటర్ మొదటిది, గానుగ రెండోది. అంతా బాగుంది అనుకుంటుండగా, శనివారం ఉదయం పదకొండింటికి పెద్ద మేడమ్ నుంచి సెలూన్‌కి ఫోనొచ్చింది. నాన్న చేతిలో ఉన్న గడ్డం పూర్తిచేసి, మిగతా ఇద్దరికీ దణ్ణం పెట్టి, షట్టరు దించి, ఉతికిన చొక్కా వేసుకుని స్కూలుకి వచ్చాడు. కూతురికేదో బహుమతి ఇస్తారనే అనుకున్నాడు.

పెద్ద మేడమ్ గదిలో బల్ల మీద రెండు జవాబు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. గది బయట వరండాలో, గోడకి ఆనుకుని గానుగ నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. లోపలికి వెళుతున్న కంప్యూటర్ వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ చూపుతోనే ఇది బహుమతి కాదని కంప్యూటర్‌కి అర్థమైంది.

"కూర్చోండి," అంది పెద్ద మేడమ్ నాన్నతో. "మీ అమ్మాయి తప్పేం లేదు. ముందే చెబుతున్నా, కంగారు పడకండి. మీ అమ్మాయి పేపరు చూసి ఇంకో అమ్మాయి రాసింది. అది తేల్చి ఈ రోజే రిపోర్టు రాయాలి. మాస్టారూ, మీరు చెప్పండి."

మార్జిన్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆఖరి లెక్కండి. ఆరుగురు పన్నెండు రోజుల్లో చేసే పని. నాలుగు రోజులు పనిచేశాక ఇద్దరు మానేశారు. మిగతా పని నలుగురూ ఎన్ని రోజుల్లో చేస్తారు? జవాబు పన్నెండు. క్లాసులో సగంమంది పన్నెండు రాశారు, కొందరు పద్దెనిమిది రాశారు, కొందరు వదిలేశారు. ఈ ఇద్దరు మాత్రం," అంటూ రెండు కాగితాల మీదా చెరో వేలు పెట్టాడు, "పన్నెండుంబావు!"

"మా అమ్మాయికి తప్పొచ్చిందా?" అన్నాడు నాన్న. ఆయనకి అదొక్కటే వినబడింది.

"తొంభై ఆరు లెండి. అది కాదు విషయం. రైటు ఆన్సరు వందమందికి ఒకేలా వస్తుంది. తప్పు ఆన్సరు ఇద్దరికి ఒకేలా ఎలా వస్తుందండీ? అదీ పావుతో సహా? ఈ అమ్మాయి ముందు బెంచీ, ఆ అమ్మాయి వెనక బెంచీ. మీ అమ్మాయి మార్జిన్ చూడండి, ఎంత తెల్లగా ఉందో. లెక్కంతా బుర్రలో చేసింది, తొందరలో ఎక్కడో జారింది. పుట్టుతెలివి ఉన్నవాళ్లకి అది మామూలే. ఆ రెండో అమ్మాయి వెనక నుంచి జవాబు చూసి, తర్వాత మార్జిన్లో ఏదేదో గిలికింది. ఒకరోజు పని తీసెయ్యాలని రాసింది. ఎందుకు తియ్యాలమ్మా అంటే మేస్త్రీలూ సామాన్లూ అంటూ ఏదో కథ చెబుతోంది."

ఆ కథ కంప్యూటర్‌కి తెలుసు. ఆ కథ పుట్టినప్పుడు పక్కనే ఉంది.

గైడులో ఆ పాఠం దగ్గర రెండు పేజీలు చిరిగిపోయాయి. మానేసినవాళ్ల లెక్క ఎలా చెయ్యాలో తెలియక ఇద్దరూ ఒక సాయంత్రమంతా తలలు పట్టుకున్నారు. మర్నాడు గానుగ ఎగురుకుంటూ వచ్చింది. వాళ్ల నాన్నని అడిగిందట. పని మానేసేవాడు ఆఖరి రోజు ఒంటిపూటే చేస్తాడు, మధ్యాహ్నం నుంచి సామాన్లు సర్దుకుంటాడు, ఇరవయ్యేళ్ల మేస్త్రీగిరీలో దానికి తిరుగులేదు అన్నాడట. ఇద్దరు మానేస్తే రెండు ఒంటిపూటలు, అంటే ఒక మనిషి ఒక రోజు పని తగ్గినట్టు. ఆ మాట ఇద్దరికీ ఎంత సబబుగా తోచిందంటే, ఇంత చిన్న విషయం పుస్తకాలవాళ్లు ఎలా మర్చిపోయారా అని జాలిపడ్డారు కూడా. అప్పటి నుంచి ఏ లెక్కలో ఎవడు మానేసినా వాడికి మధ్యాహ్నం సెలవిచ్చేశారు. డెబ్బైరెండులోంచి ఇరవైమూడు తీసేస్తే నలభైతొమ్మిది, దాన్ని నలుగురితో భాగిస్తే పన్నెండుంబావు. పరీక్షలో అదే చేశారు. చేసి ఒకతి మార్జిన్ అలాగే ఉంచింది, ఇంకొకతి చెరిపేసింది. తేడా అంతే.

గానుగ కథంతా చెప్పింది. ఎవరితో కలిసి చదివిందో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే పొద్దున్నే తేలిపోయేది. ఒట్టు వేసింది కదా, ఆ ఒట్టు పట్టుకుని అక్కడ వరండాలో నిలబడి ఉంది.

"ఆ అమ్మాయి పేపరుకి సున్నా," అంది పెద్ద మేడమ్. "సీటు మూడో అమ్మాయికి వెళుతుంది. ఈ రిపోర్టు రాసేముందు నిన్నొక్క మాట అడగాలమ్మా. పరీక్షలో ఆ అమ్మాయి నీ కాగితం వైపు తొంగిచూడ్డం నువ్వు గమనించావా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. నాన్న కూడా. ఆయన మొహంలో కోపం, గర్వం కలగలిసి ఉన్నాయి. తన కూతురి తెలివి దోచుకుపోయారని కోపం, దోచుకోదగ్గ తెలివి ఉన్నందుకు గర్వం.

"తెలీదు మేడమ్," అంది కంప్యూటర్.

అబద్ధమేమీ కాదు. వెనక బెంచీ ఎలా కనబడుతుంది? అయినా ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక మీద చేదు నిలబడిపోయింది. పెద్ద మేడమ్ తలూపి కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పెన్ను చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినబడలేదు. కంప్యూటర్ లోపల మాత్రం రెండు గొంతులు కీచులాడుకుంటున్నాయి. ఇప్పుడు నోరు విప్పితే ఏం జరుగుతుందో ఆమెకి కళ్లకి కట్టినట్టు కనబడుతోంది. షటిల్ బ్యాటు అబద్ధం. నాలుగు వందల ముప్పైయేడు బట్టీ. నాన్న రేపు అద్దం ముందు నిలబడి కార్డులన్నీ ఒక్కొక్కటే పీకేస్తాడు. ఎవరైనా ఏమైందని అడిగితే ఏం చెబుతాడు? మా అమ్మాయీ నాలాంటిదే సార్, అంటాడు. తనని తాను ఎంత చులకనగా చూసుకుంటాడో, ఆ చులకన అంతా కూతురి మీదికి వచ్చి పడుతుంది. ఆయన కళ్లలో ఆ వెలుగు ఆరిపోవడం చూడ్డం కంటే చావడం నయమనిపించింది. పద్నాలుగేళ్ల పిల్ల, అలాగే అనిపిస్తుంది.

విప్పకపోతే? సోమవారం రెండు పేర్లు వెళతాయి. ఒకటి తనది. నాలుగున్నరకి రీడింగ్ రూము బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

పెద్ద మేడమ్ కాగితం తిప్పి రెండో వైపు రాయబోయింది.

"అది చూసి రాయలేదు మేడమ్," అంది కంప్యూటర్. "మేమిద్దరం కలిసి చదువుకుంటాం."

పెన్ను ఆగింది.

"ఎవరు కలిసి?" అన్నాడు మార్జిన్ మాస్టారు.

"నేనూ అదీ. రోజూ. రీడింగ్ రూములో, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. ఆ ఒంటిపూట లెక్క వాళ్ల నాన్న చెప్పిందే. నేనూ అలాగే చేశాను. నా మార్జిన్లో కూడా ఉంది సార్. నేను చెరిపేశాను."

నాన్న నవ్వాడు. నిజంగానే నవ్వాడు, పిల్ల ఏదో తమాషా చేస్తోందన్నట్టు. "లేదు మేడమ్, పాపం ఆ పిల్లని కాపాడదామని చెబుతోంది. మనసు వెన్న. నాలుగున్నరకి ఇది షటిల్ ఆడుతుందండీ. నేనే పంపిస్తాను కదా రోజూ."

"ఆడను నాన్నా."

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

మార్జిన్ మాస్టారు కాగితం ఎత్తి కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. "చెరిపిన గుర్తులు ఏవో ఉన్నాయి గానీ, ఏం రాసిందో ఎవరికి తెలుసు? మేడమ్, ఈ వయసులో స్నేహం కోసం పిల్లలు ఏమైనా చెబుతారు. దీనికి రుజువేంటి? కలిసి చదివారని ఒప్పుకుంటే, కలిసే కాపీ కొట్టారని కూడా అనొచ్చు. అప్పుడు ఇద్దరికీ సున్నా వెయ్యాల్సి వస్తుంది."

పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి కంప్యూటర్‌ని చూసింది. "విన్నావు కదా? ఆలోచించుకుని చెప్పు. ఇప్పటికీ నువ్వన్న మాట వెనక్కి తీసుకోవచ్చు."

నాన్న చెయ్యి ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుంది. వెనక్కి తీసుకోమనే ఆ పట్టు. అప్పుడు తట్టింది ఒక్కటే దారి.

"సార్, మానేసినవాళ్ల లెక్క అది మీకు చెప్పేసింది. కొత్తగా చేరినవాళ్లకి మా లెక్క వేరే ఉంది. అది మీరెప్పుడూ అడగలేదు. ఇప్పుడు దాన్ని బయట అడగండి, నన్నిక్కడ అడగండి. ఇద్దరం ఒకేలా చేస్తే నమ్ముతారా?"

మార్జిన్ మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఒక కాగితం చింపి లెక్క రాశాడు. ఎనిమిదిమంది పది రోజుల్లో చేసే పని. అయిదు రోజులయ్యాక ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. మిగతా పని ఎన్ని రోజులు? ఒక నకలు కంప్యూటర్ ముందు పెట్టి, ఇంకొకటి పట్టుకుని వరండాలోకి వెళ్లి తలుపు మూశాడు.

చెప్పడమైతే చెప్పింది గానీ కంప్యూటర్‌కి అప్పుడు భయం మొదలైంది. గానుగ ఏం చేస్తుంది? పొద్దుట్నుంచి దాని ఒంటిపూట లెక్కని అందరూ వెక్కిరించారు. బెదిరిపోయి ఈసారి పుస్తకంలో ఉన్నట్టు చేస్తే? అప్పుడు దానికి నాలుగు, తనకి ఇంకొకటి. ఇద్దరూ మునుగుతారు. పోనీ తానూ పుస్తకం ప్రకారం చేస్తే? అది ఒంటిపూట లెక్కకే కట్టుబడితే అప్పుడూ మునుగుతారు. మూసిన తలుపు వైపు చూసింది. ఆ పిల్ల మొండిది. అంత మొండిది కాబట్టే గానుగ అయింది. నమ్మక తప్పదు.

"రఫ్ కాగితం కావాలి మేడమ్," అంది. "పెన్సిలు కూడా."

నాన్న ఆమె చెవి దగ్గరికి వంగాడు. "కాగితం ఎందుకు తల్లీ? నోటితో చెప్పెయ్. నువ్వు చెప్పగలవు. రెండు క్షణాలు పైకి చూసి చెప్పెయ్." ఆ గొంతులో బతిమాలడం వినబడింది. అది తన కోసం కాదు, ఆయన కోసమే అడుగుతున్నాడని ఆమెకి అర్థమైంది.

"నాకు రాదు నాన్నా. కాగితం లేకుండా నాకెప్పుడూ రాలేదు."

తల వంచి పెన్సిలు పట్టుకుంది. ఎనిమిది పదులు ఎనభై. అయిదు రోజులకి నలభై అయిపోయింది, నలభై మిగిలింది. ఇప్పుడు పదిమంది. కొత్తవాడు మొదటి రోజు ఒంటిపూటే చేస్తాడు, పని చూపించడానికే మధ్యాహ్నమవుతుంది. ఇద్దరి ఒంటిపూటలు కలిసి ఒక రోజు. నలభైలోంచి ఒకటి తీసేసింది. ముప్పైతొమ్మిదిని పదితో భాగించింది. చూసుకుంటే నాలుగు రోజుల కంటే తక్కువ వచ్చింది. తక్కువెలా వస్తుంది? వాళ్లు పని ఎగ్గొడితే ఎక్కువ రోజులు కదా పట్టాలి? కొట్టేసింది. మళ్లీ మొదట్నించి రాసింది. ఈసారి గాభరాలో పదిమందికి బదులు ఎనిమిదితో భాగించింది. అదీ కొట్టేసింది. పెన్సిలు మొన విరిగింది. పెద్ద మేడమ్ ఇంకోటిచ్చింది. నాన్న చూస్తున్నాడు. తలెత్తకపోయినా ఆయన ఊపిరి వినబడుతోంది. మూడోసారి ఒక్కొక్క అంకె వెనక్కి వెనక్కి చూసుకుంటూ రాసింది. మిగిలిన పనికి ఒకరోజు కలపాలి. నలభైఒకటి. పదితో భాగిస్తే నాలుగూ, పదోవంతు.

చెరపలేదు. రబ్బరు జేబులోనే ఉంది, చెయ్యి దాని వైపు వెళ్లింది కూడా. బలవంతాన వెనక్కి తీసుకుంది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

తలుపు తెరుచుకుంది. మార్జిన్ మాస్టారు లోపలికి వచ్చి కంప్యూటర్ కాగితం తీసుకున్నాడు. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూశాడు. ఆ నాలుగైదు క్షణాలు ఆ పిల్లకి నిప్పుల మీద నిలబడ్డట్టుంది.

"నాలుగూ పదోవంతు," అన్నాడు చివరికి. "ఆ అమ్మాయిదీ నాలుగూ పదోవంతే. 'కొత్తవాడికి మధ్యాహ్నం దాకా పని తెలీదు' అని పక్కన రాసింది కూడా." కాగితాలు బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడ్డాడు. "రెండూ తప్పే మేడమ్. కానీ కాపీ కాదు."

కంప్యూటర్‌కి ప్రాణం లేచొచ్చింది. పెద్ద మేడమ్ తను రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "ఆ అమ్మాయిని లోపలికి పిలవండి. ముందు మొహం కడుక్కోమనండి. సోమవారం పేర్లు ఎలా ఉన్నాయో అలాగే వెళతాయి." లేచి, తలుపు దాకా తానే వెళ్లి గానుగ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. గానుగ ఏడుస్తూనే లోపలికి తొంగిచూసి, కంప్యూటర్‌ని చూసి, కొళాయి వైపు పరిగెత్తింది.

అక్కడితో అయిపోవాలి. కానీ మార్జిన్ మాస్టారు నియమం తప్పని మనిషి. బీరువాలోంచి కంప్యూటర్ ప్రోగ్రెస్ కార్డు తీశాడు. లెక్కల వరసలో కృషి గడి వెతికి, డి కొట్టేసి, ఎ వేశాడు. బాగానే ఉంది. ఆయన పెన్ను అక్కడ ఆగలేదు. పక్క గడిలోకి, ప్రతిభలోకి జరిగింది.

"అదెందుకు సార్?" అంది తిరిగొచ్చిన పెద్ద మేడమ్.

"సరిచెయ్యాలి కదా మేడమ్. ఇన్నాళ్లూ బుర్రలో చేస్తోందనుకుని ఎ వేశాను. చూస్తే కష్టపడి తెచ్చుకున్న మార్కులు. బి వేస్తే సరిపోతుంది."

ఆయన చెడ్డవాడు కాదు. ఒక పిల్ల దగ్గర రెండూ ఉండొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనకీ తోచలేదు, అంతే. కంప్యూటర్ ఆ పెన్ను కొసని చూస్తూ నిలబడింది. నాన్న ఒప్పుకుంటాడని అనుకుంది. ఆయనా ఇదే కదా నమ్మేది.

"ఆగండి సార్," అన్నాడు నాన్న.

ఆయన లేచాడు. ఇంతసేపూ ఆయన చేతిలో ఉన్నది కూతురి రఫ్ కాగితమని అప్పుడు కనబడింది. బల్ల మీద నుంచి ఎప్పుడు తీసుకున్నాడో ఎవరూ చూడలేదు.

"మార్కులు మారాయాండీ?"

"లేదు."

"తొంభై ఆరు తొంభై ఆరే కదా?"

"అవును గానీ, అవి ఎలా వచ్చాయనేది..."

"మరి పొద్దున ఉన్న బుర్ర ఇప్పుడెక్కడికి పోయిందండీ?" ఆయన గొంతు పెరిగింది. సెలూన్లో ఎన్నడూ ఎవరి మీదా పెరగని గొంతు. పెరిగినందుకు ఆయనే బెదిరి, మళ్లీ తగ్గించుకున్నాడు. కాగితం బల్ల మీద పరిచి, వేలితో చూపించాడు. "ఇదిగోండి, ఇక్కడ తప్పొచ్చింది. తప్పని ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది. కొట్టేసింది. ఇక్కడ మళ్లీ పోయింది. మళ్లీ తనే పట్టుకుంది. నేను పక్కనే నిలబడి చూశాను సార్. ఈ కాగితం వద్దని దానికి చెప్పింది కూడా నేనే."

ఆయన కూతురి వైపు చూడలేదు, కాగితంలో రెండోసారి కొట్టేసిన చోటే వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

"నేను పదో తరగతిలో ఇక్కడి దాకా వచ్చానండీ. రెండుసార్లు కొట్టేశాను. మా మాస్టారు చూసి, బుర్రున్నవాడెవడూ ఇన్నిసార్లు కొట్టెయ్యడురా అన్నాడు. నిజమే కాబోలు అనుకుని సంచీ తీసుకుని ఇంటికొచ్చేశాను. మూడోసారి రాసుంటే ఏమొచ్చేదో నాకిప్పటికీ తెలీదు సార్."